ఎవరి లెటరూ లేని ఫైలు

మా బావ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయింది. చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. మా అక్క గిన్నెలు సర్దుతూ నన్ను వంటగదిలోకి పిలిచింది.

"ఒరే తమ్ముడూ, మీ బావ తుపాకీ లైసెన్సు నా పేరు మీదకి మార్చాలి. అప్లికేషను నువ్వే పెట్టు."

తుపాకీ అమ్మేయడానికి కాయితాలు కావాలంటుందేమో అనుకున్నాను. అదే అన్నాను కూడా.

"అమ్మడానిక్కాదు. నానే గన్‌మేన్‌గా చేరతాను. బ్యాంకు మేనేజరమ్మతో మాటాడీసినాను."

నాకు నవ్వొచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, జ్ఞానాపురం సందులో పుట్టి పెరిగిన మనిషి, సభల్లో మైకిస్తే గొంతు పెగలని మనిషి. నా నవ్వు చూస్తూనే ఆమె చేతిలో గిన్నె తుడిచి బోర్లించింది. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

మా బావ పదిహేడేళ్ళు ఆర్మీలో చేసి వచ్చాడు. తిరిగొచ్చాక డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు తీసుకుని, ఒక సెక్యూరిటీ ఏజెన్సీ తరఫున గాజువాక వైపు ఒక బ్యాంకు బ్రాంచిలో గన్‌మేన్‌గా కుదిరాడు. సొంత తుపాకీ, సొంత లైసెన్సు ఉన్నవాళ్ళనే ఆ ఏజెన్సీ తీసుకుంటుంది. కాబట్టి ఆ లైసెన్సు పుస్తకమే మా అక్క ఇంటికి బియ్యం. పన్నెండేళ్ళు ఆ గేటు దగ్గర నిలబడ్డాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. మనిషి పోతే లైసెన్సు కూడా పోయినట్టే. తుపాకీని ఆ వారంలోనే ఆయుధాల దుకాణంలో అప్పగించి రసీదు తెచ్చుకున్నాం. మేనకోడలు నర్సింగు రెండో ఏడాదిలో ఉంది.

నాకు కలెక్టరాఫీసు దగ్గర ఒక చిన్న జిరాక్సు షాపు ఉంది. టైపింగు, ఆన్‌లైను దరఖాస్తులు, లామినేషను. ఆ వీధిలో కూర్చుంటే ఎవరికి ఏ భయం ఉందో, ఎవరికి ఏ ఆశ ఉందో కాయితాల్లో తెలిసిపోతుంది. తుపాకీ లైసెన్సు దరఖాస్తులు కూడా నా దగ్గరకే వచ్చేవి. ఒకసారి ఒక ముసలి ప్లీడరుగారు జిరాక్సు కోసం నిలబడి, నా తెర మీద ఉన్న దరఖాస్తు చూసి అన్నారు: "అమెరికాలో తుపాకీ హక్కు అంటారోయ్. ఎన్నికలొస్తే దానిమీదే కొట్టుకుంటారు. మన దగ్గర అది హక్కు కాదు, అనుమతి. ఇచ్చేవాడు ఇవ్వాలి."

ఇచ్చేవాడు ఎవరు అన్నదే అక్కడ అసలు గొడవ. చట్ట ప్రకారం ఇచ్చేది ఆఫీసరు. కానీ నా షాపుకొచ్చే వాళ్ళెవరూ ఆ మాట నమ్మేవారు కాదు. ప్రతి దరఖాస్తు వెనకాలా ఎవరో ఒక నాయకుడి సిఫార్సు లెటరు కుట్టించుకునేవారు. ఎలక్షన్ల ముందు ఒక నాయకుడిది, ఎలక్షన్ల తర్వాత మరొకరిది. ఒక భూముల వ్యాపారి ఉండేవాడు, మీసానికి నల్లరంగు వేసుకునేవాడు. ఓట్ల లెక్కింపు రోజున మధ్యాహ్నం మూడింటికి పరిగెత్తుకొచ్చి, "బాబూ, నా ఫైల్లో ఆ పాత లెటరు తీసేసి మళ్ళీ స్కాన్ చెయ్యి, తొందరగా" అన్నాడు. అప్పటికింకా లెక్కింపు పూర్తి కూడా కాలేదు. గెలిచినవాళ్ళకి ఇప్పుడు తమకు లైసెన్సు వస్తుందని ఆశ, ఓడినవాళ్ళకి ఉన్నది ఊడుతుందని భయం. ఐదేళ్ళకోసారి ఆ వీధిలో ముఖాలు తారుమారవడం నేను చూస్తూనే ఉన్నాను. అందుకే మా అక్క ఫైలు గురించి నేను మొదటి రోజు నుంచే ఆలోచించింది ఒక్కటే, ఎవరి లెటరు పెట్టాలి అని.

క్రిస్మసుకి ముందే దరఖాస్తు పెట్టాం. మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకార పత్రాలు, డాక్టరు సర్టిఫికెట్టు, అన్నీ సమకూరాయి. తుపాకీ పట్టడం వచ్చని శిక్షణ సర్టిఫికెట్టు కూడా కావాలన్నారు. మా అక్క దానికీ సిద్ధమే. బావ ప్రతి శనివారం తుపాకీ విప్పి నూనె గుడ్డతో తుడిచేవాడు, పక్కన కూర్చుని భాగాలు అందించేది ఆవిడే. విప్పడం, బిగించడం తెలుసు. పేల్చడం మాత్రం జన్మలో ఎరగదు.

ఊరి బయట ఒక కొండ వారన ఉన్న శిక్షణ మైదానానికి నేనే స్కూటరు మీద తీసుకెళ్ళాను. నేర్పే ఆయన రిటైరైన సుబేదారు, గట్టి మనిషి. మైదానం వాళ్ళ తుపాకీతో మొదటి తూటా పేల్చేసరికి అక్క రెండడుగులు వెనక్కి తూలింది. నేను లేచి నిలబడ్డాను. సుబేదారు నన్ను చేత్తోనే ఆపాడు.

"భుజానికి ఆనించలేదమ్మా. గాలిలో పట్టుకున్నావు. అది తన్నుతుంది. చంటిపిల్లని ఆనించుకున్నట్టు ఆనించుకో."

రెండోది ఆనించింది. తూలలేదు. అట్టబొమ్మ అంచుకి తగిలింది. మూడు, నాలుగు, ఐదు. ఐదోది నడిమికి దగ్గరగా పడింది. ఆవిడ తుపాకీ మూతి నేలకి వంచి, మడత తెరిచి, ఖాళీ తూటాలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఎవరూ చెప్పకుండానే. సుబేదారు నా వైపు చూసి, "ఇది నేర్పితే వచ్చేది కాదు. ఇంట్లో చూసింది" అన్నాడు. వచ్చేదారిలో ఆవిడ నా భుజం పట్టుకోడానికి ఎడమచేయి వాడింది. కుడి భుజం కమిలిపోయిందని ఇంటికెళ్ళాక మేనకోడలు చెప్పింది. 

తర్వాత పోలీసు విచారణ. ఒక కానిస్టేబులు మా సందులోకొచ్చి ఇరుగుపొరుగుని అడిగాడు. అప్పటికే ఎన్నికల వేడి మొదలైంది. సందులో ఒక మేడ మీద ఒక జెండా, ఎదురింటి మీద ఇంకో జెండా. మా అక్క గోడ మీద మాత్రం ఏ పోస్టరూ అతికించనిచ్చేది కాదు. రెండు వైపుల వాళ్ళూ వచ్చి అడిగారు. రెండు వైపుల వాళ్ళకీ మంచినీళ్ళిచ్చి పంపించింది.

పక్కింటావిడ జాలరి కుటుంబం, హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది. కానిస్టేబులు ఆవిడ్ని అడుగుతున్నప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఈవిడ మనిషి ఎలాంటిది?"

"ఏటి, మా పక్కింటావిడా? నాను గంప ఎత్తుకుని తెల్లారే ఎలిపోతాను బాబూ. నా ఇంటి తాళం ఆవిడ కాడే ఉంతాది. ఇంకేటి సెప్పమంటావు?"

"ఏ పార్టీ వాళ్ళు?"

"అది నాకు తెల్దు. పదేళ్ళై అడుగుతన్నాను, సెప్పదు. అడిగితే నవ్వుద్ది."

ఆయన కూడా నవ్వుకుని రాసుకున్నాడు. రిపోర్టు మంచిగానే వెళ్ళిందని తర్వాత తెలిసింది.

కానీ ఆ వారంలోనే ఎన్నికల కోడు వచ్చేసింది. కొత్త లైసెన్సులు ఆగిపోయాయి. ఉన్నవాళ్ళు కూడా తుపాకులు స్టేషనులో అప్పగించాలి. ఆ రోజుల్లో నా షాపు ముందు కార్లు ఆగేవి. పెద్దపెద్ద మనుషులు దిగి, అప్పగింత రసీదు రెండు కాపీలు తీయించుకునేవారు. తుపాకీ లేకుండా కారెక్కేటప్పుడు వాళ్ళ నడకలో ఏదో తేడా ఉండేది. మా అక్క ఫైలు మాత్రం ఏదో బీరువాలో కూర్చుంది. ఏజెన్సీ వాళ్ళు ఆ గేటు దగ్గర తాత్కాలికంగా ఒకాయన్ని పెట్టారు. జూలై ఆఖరు లోపల లైసెన్సు తెచ్చుకోకపోతే ఆయన్నే ఖాయం చేసేస్తామని చెప్పారు.

పోలింగు రోజున అక్క పొద్దున్నే వెళ్ళి మొదటి పదిమందిలో ఓటేసి వచ్చింది. ఎవరికేశావని నేనూ అడిగాను. నవ్వింది.

జూన్ మొదట్లో ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వం మారింది. ఆ సాయంత్రం సందులో ఒకవైపు టపాకాయలు, ఇంకోవైపు తలుపులు మూసిన ఇళ్ళు. మర్నాడు నా షాపు తెరిచేసరికి ఆరుగురు నిలబడి ఉన్నారు. నలుగురు కొత్త లైసెన్సుల కోసం. ఇద్దరు, ఉన్న లైసెన్సు రద్దు చేస్తారా బాబూ, అని అడగడానికి. "నేనెవర్ని చెప్పడానికండీ" అంటే నమ్మరు. ఆ గొడవలో నాకూ బుర్ర తిరిగింది. గెలిచినవాళ్ళ వైపు మనిషి ఒకాయన నా షాపుకి పాత గిరాకీ. ఆయన బావమరిది కొత్త ఎమ్మెల్యేకి దగ్గర. అక్కకి చెప్పకుండా వెళ్ళి అడిగాను. ఆయన రెండు రోజుల్లో లెటరు తెచ్చిచ్చాడు. మంచి మందపాటి కాయితం. 'ఈమె కుటుంబం మొదటి నుంచీ మన పార్టీకి కట్టుబడి పనిచేసినది, కావున' అని మొదలైంది.

ఫైలు మళ్ళీ కదిలినప్పుడు కొన్ని కాయితాల మీద తాజా సంతకాలు కావాలన్నారు. ఆ లెటరుని వాటి మధ్యలో పెట్టి, అక్క ఇంటికి తీసుకెళ్ళి, సంతకం చెయ్యమని పెన్ను ఇచ్చాను. చదవకుండా పెట్టేస్తుందనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుంది. ఒక్కో కాయితం చదివింది. ఆ లెటరు దగ్గర ఆగింది.

"ఇదేటి?"

"ఏం లేదక్కా. ఫైలు తొందరగా కదలడానికి."

"మన కుటుంబం ఈల్ల పార్టీకి పని సేసిందా? ఎప్పుడు?"

నేను పెన్ను ఆవిడ వైపు జరిపాను.

"నాను సంతకం పెట్టే కాయితాల మధ్యన అబద్దం ఎలా ఎట్టావురా?"

"అక్కా, అందరూ పెడతారు. నా షాపులో రోజూ చూస్తాను. ఇప్పుడు గెలిచింది వాళ్ళు. జూలై ఆఖరు దాటితే ఉద్యోగం పోతుంది. నీకు తుపాకీ ముఖ్యమా, పంతం ముఖ్యమా?"

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇయాళ ఈల్లు గెలిసారని ఇచ్చీసారనుకో. లైసెన్సు ఐదేళ్ళు. గవర్నమెంటూ ఐదేళ్ళే. రేపొద్దున్న ఈల్లు ఓడిపోతే ఏటి సెయ్యాలి? వాళ్ళ లెటరెట్టుకుని వచ్చిందిరా ఈవిడ అని అవతలోళ్ళు అంతారు. ఓట్లు లెక్కెట్టినప్పుడల్లా నాను టీవీ ముందు కూకుని, నా ఉద్యోగం ఉందో నేదో సూసుకోవాలేటి? మీ బావ పన్నెండేళ్ళు నిలబడ్డాడు. ఎన్ని గవర్నమెంట్లు మారాయి? ఎవలైనా వచ్చి నీ తుపాకీ ఇచ్చీ అన్నారా?"

"బావ మిలటరీ మనిషి. ఆయనకి వేరు."

"ఆయనకీ లెటరు నేదు. నాను దగ్గరుండి సూసినాను."

లెటరు నా చేతిలో పెట్టింది. చింపెయ్యలేదు. "తీసుకెళ్ళి ఆయనకే ఇచ్చీ. శ్రమ పడ్డారు, థాంక్స్ సెప్పు" అంది. అక్కడే నాకు ఎక్కువ కోపం వచ్చింది. చింపేసినా బాగుండేది. తిరిగివ్వడానికి వెళ్ళడం ఎంత కష్టమో ఆవిడకి తెలీదా? తెలుసు. తెలిసే పంపింది.

ఆయనకి తిరిగిచ్చాను. "మావాళ్ళ లెటరు వద్దన్నారంటే, అవతలి వాళ్ళన్నమాట" అన్నాడు. కాదండీ అన్నాను. నమ్మలేదు. మూడు నెలలు నా షాపు గడప తొక్కలేదు, తన మనుషుల్ని కూడా ఎదురు షాపుకే పంపించాడు. నేను అక్క ఇంటికి వారం రోజులు వెళ్ళలేదు. ఎనిమిదో రోజు మేనకోడలి చేత కోనాం చేప ముక్కల పులుసు పంపించింది. నేను తిన్నాను. సాయంత్రం వెళ్ళాను. 

జూలై రెండో వారంలో ఆఫీసరు ముందుకి రమ్మని కబురొచ్చింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పక్కనే నల్లమీసాల వ్యాపారి, ఒళ్ళో కొత్త ఫైలు. లోపల ఏం జరిగిందో అక్క తర్వాత బస్టాపులో నిలబడి చెప్పింది.

ఆఫీసరు ముందు చాలాసేపు ఫైలు తిరగేశారట. "ఎందుకమ్మా నీకు తుపాకీ?" అన్నారట.

"ఉద్యోగానికండి. బ్యాంకు గేటు దగ్గర."

"దొంగలొస్తే కాల్చగలవా?"

"కాల్చే అవసరం రాకుండా ఉండడానికే కదండీ నిలబెడతారు. మా ఆయన పన్నెండేళ్ళు నిలబడ్డారు. ఒక్కసారీ పేల్చలేదు. అవసరం వస్తే మాత్రం సుబేదారుగారు నేర్పారు."

ఆయన మళ్ళీ ఫైలు చూసి, "ఎవరిచేతా చెప్పించలేదా?" అన్నారట.

"లేదండి. చెప్పించాలాండీ?"

"అక్కర్లేదు" అని సంతకం చేసేశారట.

అదంతా చెప్పేటప్పుడు అక్క గొంతు మామూలుగానే ఉంది. కానీ బస్సు వస్తే ఎక్కలేదు. ఇంకో బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాం. నాకు సిగ్గుగా ఉంది, గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి రావడం నాకు అదే మొదలు. ఫైలుకి ఆవిడ అదృష్టం కూడా తోడయిందేమో, ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటే ఏమయ్యేదో అని కూడా అనుకున్నాను. ఆ మాటే అన్నాను. "అవును మరి. ఇంకొకరైతే ఇంకోసారి వెళ్దుం" అంది.

జూలై ఆఖరి వారంలో లైసెన్సు పుస్తకం చేతికొచ్చింది. దుకాణానికెళ్ళి తుపాకీ తెచ్చుకున్నాం. ఆగస్టులో గేటు దగ్గర చేరింది. ఏజెన్సీ వాళ్ళ ఖాకీ చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంటే మేనకోడలు కుట్టి సరిచేసింది. మొదటి రోజు జనం ఆగి చూశారట. రెండో వారానికి చూడడం మానేశారు. బ్యాంకుకొచ్చే ఆడవాళ్ళు పాసుపుస్తకం ఎక్కడ రాయించుకోవాలో ఆవిడ్నే అడగడం మొదలుపెట్టారు.

ఒకరోజు నాకు బ్యాంకు మేనేజరమ్మ ఫోను చేశారు. గేటు దగ్గర ఏం గొడవైందో అనుకున్నాను. ఆవిడ నవ్వుతూ చెప్పారు. కొత్తగా గెలిచినవాళ్ళ మనిషి ఒకాయన బ్రాంచికి వచ్చాడట. నడుముకి పిస్తోలు. కొత్త లైసెన్సు, కొత్త తోలు సంచీ, అందరికీ కనపడేట్టు చొక్కా లోపలికి దోపి ఉంది. మా అక్క గేటు దగ్గర ఆపింది.

"లోపలికి ఆయుధం తేకూడదండి. కారులో పెట్టి రండి."

"నేనెవరో తెలుసా నీకు? ఇప్పుడున్నది మా గవర్నమెంటు."

"తెలుసండి. గవర్నమెంటు నాదీ కూడానండి. కారులో పెట్టి రండి."

ఆయన ఎవరికో ఫోను చేశాడు. ఆవిడ గొంతు పెంచలేదు, పక్కకి జరగలేదు, తుపాకీ మీద చెయ్యి కూడా మార్చలేదు. లోపలున్న ఖాతాదారులంతా చూస్తున్నారు. మేనేజరమ్మ లేచి బయటికి రాబోయేలోపే ఆయన కారు దగ్గరికి వెళ్ళి, పిస్తోలు లోపల పెట్టి, తాళం వేసి వచ్చాడు. అక్క తలుపు తీసి పట్టుకుని, "రండి సార్, టోకెను అక్కడ తీసుకోండి" అందట.

"మీ అక్క ఆ పార్టీకి వ్యతిరేకమా అండీ?" అని మేనేజరమ్మ అడిగారు.

"నాకూ తెలీదండీ. పదేళ్ళుగా అడుగుతున్నాం" అన్నాను.

ఆ సాయంత్రమే అక్కకి ఫోను చేశాను. ఆ సంగతి ఆవిడే చెబుతుందని ఎదురుచూశాను. చెప్పలేదు. "ఒరే, ఏజెన్సీ వాళ్ళిచ్చిన బూట్లు మగాళ్ళ సైజురా. కాలి ఏళ్ళు ఒరుసుకుపోయి నడవనేకపోతన్నాను. జగదాంబ సెంటరు కాడ ఏదైనా కొట్లో ఆడోళ్ళకి నల్లబూట్లు దొరుకుతాయేమో సూడు" అంది. సైజు అడిగాను. ఐదు అంది. షాపు మూసి, స్కూటరు తీసి, అటే బయల్దేరాను.